స్నానము చేయునపుడు తల తిరుగుట యేల?

పొలము పని ముగించుకొని సాయంకాలము ఇల్లు చేరిన రైతు మొట్టమొదట కోరునది బకెట్టెడు వేడినీళ్లు. ఆ నీళ్లు ఒంటిపై పడినంతనే పగటి అలసట తీఱిపోవును. ఇంత సుఖకరమైన కార్యమునందే కొందఱికి హఠాత్తుగా కన్నులు చీకట్లు క్రమ్ముట, తల తిరుగుట, గుండె దడదడలాడుట, ఊపిరి యాడకుండుట, తామెక్కడ నున్నదియు తెలియకపోవుట సంభవించుచున్నది. సంగారెడ్డి ప్రాంతపు గ్రామములలో తిరుగునపుడు ఇట్టి మాటలు నేను పలుమాఱు వింటిని. దీనిని కొందఱు పైత్యమందురు; కొందఱు గాలి సోకినదందురు; కొందఱు నవ్వి యూరకుందురు.

ఈ యవస్థకు కారణ మొక్కటి కాదు, నాలుగైదు కలవు. వానిలో కొన్ని కొంతసేపు పడుకొని, మంచినీళ్లు త్రాగినచో పోవునవి. కొన్ని వైద్యునికి చూపనిదే పోనివి. మఱికొన్ని తలుపు తెఱచుటలో కొన్ని నిమిషములు ఆలస్యమైనను ప్రాణము తీయునవి. ఏది యెట్టిదో గుర్తించుటకు తోడ్పడవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వేడినీళ్లును రక్తప్రవాహమును

సింగూరు కాలువల క్రింద సేద్యము చేయు సభ్యులకు ఈ సంగతి సులభముగా బోధపడును. పైనున్న తూములన్నియు ఒక్కసారిగా తెఱచినచో కాలువ చివరనున్న మడికి నీరందదు. కాలువలో నీరు తగ్గలేదు; అది దారిలోనే పంచుకొనబడినది. మన దేహమునందును ఇట్లే జరుగును. వేడినీళ్లు ఒంటిపై పడగానే చర్మము క్రిందనున్న సన్నని రక్తనాళములు విచ్చుకొనును. దేహములోని వేడిని బయటికి పంపుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది. అప్పుడు రక్తము విశేషముగా చర్మమునకు చేరును. నిలువబడి యున్నచో కాళ్లలోనికిని దిగును. రక్తపుపోటు తగ్గును. అన్నిటికంటె ఎత్తుననున్న మెదడు కాలువ చివరి మడివలె ఎండును. కన్నులు మసకలు క్రమ్ముట, చెవులు హోరుమనుట, చెమటలు పోయుట, ఆవులింతలు వచ్చుట దీని గుర్తులు. అప్పటికిని నిలువబడియే యున్నచో మనుష్యుడు కూలిపోవును.

పీటమీద గొంతుకూర్చుండి స్నానము చేసి, ముగియగానే దిగ్గున లేచు అలవాటు మనవారిలో పెక్కుమందికి కలదు. తల తిరుగుట అప్పుడే యెక్కువ. ఎండలో దినమంతయు పనిచేసి, తగినంత నీరు త్రాగక, ఒడలెల్ల చెమటయై వచ్చినవానికి దేహములో నీరే తక్కువ. అట్టివాడు వచ్చినంతనే కాగిన నీళ్లు పోసికొనినచో పడుట వింత కాదు. పటాన్‌చెరు కార్ఖానాలలో కొలిమి యొద్ద పనిచేసి వచ్చు మన పిల్లలకును ఇదే వర్తించును. ఉపవాసముండువారు, రక్తహీనత గలవారు, రక్తపుపోటునకు మాత్రలు మింగువారు, మూత్రము ధారాళముగా వచ్చుటకై మందు పుచ్చుకొను వృద్ధులు మఱింత జాగ్రత్తగా నుండవలెను. వృద్ధులకు భోజనమైన వెంటనే రక్తము జీర్ణకోశమునకు పోవును గనుక తిన్నవెంటనే వేడినీళ్ల స్నానము తగదు. మధుమేహమునకు ఇన్సులిను సూది వేసికొనువారు సూది వేసికొన్న వెంటనే వేడినీళ్లు పోసికొనినచో మందు రక్తములోనికి త్వరగా దిగి చక్కెర పడిపోవచ్చును. వారిలో కొందఱికి పాదముల స్పర్శజ్ఞానము తగ్గియుండును. నీళ్లు కాలుచున్నను తెలియదు.

ఇక బాలింతల సంగతి. ప్రసవమున రక్తము పోయి బలహీనురాలైన స్త్రీకి ఓర్వలేనంత వేడినీళ్లు కుండలకొలది పోయుట, ఆపైన తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టి సాంబ్రాణి ధూపము వేయుట మన యిండ్లలో నేటికిని కలదు. పెద్దల ప్రేమ కొదువలేదు. కాని అట్టి స్థితిలో ఆమె మూర్ఛిల్లినచో దోషము ఆమె బలహీనతది మాత్రమే కాదు. గోరువెచ్చని నీళ్లు చాలును. కూర్చుండబెట్టి పోయవలెను. ప్రక్కన ఒక మనిషి యుండవలెను. కుంపటి మాత్రము మూసిన గదిలో ఉండనే కూడదు; కారణము ముందు చెప్పుదును.

తల తిరుగుచున్నట్లు తోచినంతనే గోడ పట్టుకొని నిలువక నేలపై కూర్చుండవలెను, వీలైనచో పడుకొనవలెను. పడిపోయినవానిని లేపి కూర్చుండబెట్టరాదు. వెల్లకిల పరుండబెట్టి కాళ్లు కొంచెము ఎత్తినచో రక్తము తలకు చేరి సాధారణముగా ఒకటి రెండు నిమిషములలో తెలివి వచ్చును. అట్లు రానిచో అది వేఱు వ్యాధి యని తెలిసికొనవలెను.

చన్నీళ్ల దెబ్బ

చన్నీళ్ల పని దీనికి విపరీతము. మన జిల్లాలో కోహీరు ప్రాంతమున చలికాలమున ఉష్ణము 10 డిగ్రీలకు దిగువకు పడిపోవు దినములు కలవు. అట్టి తెల్లవాఱుజామున తొట్టిలో రాత్రి యంతయు నిలిచిన నీటిని చెంబుతో నెత్తిపై గ్రుమ్మరించుకొనినచో ఊపిరి గబుక్కున లోనికి పోవును, ఎగశ్వాస పుట్టును, గుండె వేగముగా కొట్టుకొనును, రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. ఆరోగ్యవంతునికి ఇది ఒకటి రెండు నిమిషముల వడకు మాత్రమే. గుండెజబ్బు గలవానికిని, రక్తపుపోటు అధికముగా నున్నవానికిని ఇది ప్రమాదము. చెఱువులోనికో బావిలోనికో ఒక్కసారిగా దుమికినవాడు ఆ మొదటి ఊపిరితోనే నీరు పీల్చవచ్చును.

మొదట పాదములకు, పిమ్మట మోకాళ్లకు, చేతులకు, వీపునకు, చివరకు తలకు నీళ్లు పోసికొనుమని మన పెద్దలు చెప్పుదురు. ఆ క్రమములో యుక్తి యున్నది. దేహమునకు వర్తమానము ముందుగా చేరును. చలికాలమున బోరుబావి నీరు అప్పుడే తోడినదైనచో గోరువెచ్చగా నుండును. భూమి లోతున ఉష్ణము సంవత్సరమంతయు పెద్దగా మాఱదు. ఆ నీటిని తొట్టిలో చల్లారనిచ్చుటకంటె మోటారు నడచునపుడే స్నానము చేయుట మేలు.

జపాను దేశమున చలికాలమున చల్లని గదిలో బట్టలు విడిచి, మెడలోతు వేడినీళ్ల తొట్టిలో దిగుట అలవాటు. అక్కడ ఏటా వేలకొలది వృద్ధులు స్నానపు తొట్టిలోనే మరణించుచున్నారు. చలిలో ముడుచుకొన్న నాళములు వేడిలో ఒక్కసారి విచ్చుకొనుట, రక్తపుపోటు ఎగసి పడుట అందులకు ముఖ్యకారణమని వైద్యులు చెప్పుచున్నారు. వేడియు చలియు వెంటవెంటనే తగులకుండ చూచుకొనవలెనని దీనివలన తేలుచున్నది.

వేడినీళ్ల మూర్ఛ

ఇప్పుడు చెప్పబోవునది అందఱు శ్రద్ధతో వినదగినది. కంది పంటకు పట్టిన పురుగును చూచుటకై మంజీర యొడ్డునగల యొక గ్రామమునకు నేను పోయినపుడు ఒక తల్లి తన పన్నెండేండ్ల కుమారుని గూర్చి చెప్పి కన్నీరు పెట్టుకొనెను. ఆ బాలుడు చదువునందు, ఆటలందు ఎవరికిని తీసిపోడు. వారమున కొకసారి తలంటి నీళ్లు పోయునపుడు మాత్రము మూడవ చెంబో నాలుగవ చెంబో తలపై పడగానే చూపు నిలిచిపోవును. పిలిచినను పలుకడు. పెదవులు నమలుచు, అర్థములేని మాటలాడుచు, నీళ్లు ఇంకను పోయుమన్నట్లు చేతులు చాచును. రెండు మాఱులు వణకుచు పడిపోయెనట. గాలి సోకినదని తాయెత్తులు కట్టించిరి, నిమ్మకాయలు దిగదుడిచిరి, చివరకు తలస్నానమే మానిపించిరి. ఇట్లు రెండేండ్లు గడచెను. తోటి పిల్లలు వానిని చూచి జంకుట మొదలుపెట్టిరి. ఆ తల్లికి వ్యాధికంటె ఆ చిన్నచూపే యెక్కువ బాధగా నుండెను.

అది గాలి కాదు, దయ్యము కాదు. దాని పేరు వేడినీళ్ల మూర్ఛ. 1945లో న్యూజీలాండు వైద్యుడొకడు దీనిని మొదట వర్ణించెను. తరువాత ఇది అన్ని దేశములకంటె దక్షిణ హిందూదేశముననే, విశేషించి కర్ణాటకమున, హెచ్చుగా కనబడినది. బెంగుళూరునందలి జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థలో 1980 మొదలు 1983 వఱకు ఇట్టి రోగులు 279 మంది పరీక్షింపబడిరి. వారిలో బాలురును పురుషులును, బాలికలకును స్త్రీలకును రెండున్నర రెట్లకు పైగా నుండిరి. పెక్కుమందికి బాల్యమునందే యిది ప్రారంభమైనది. తుర్కీ దేశమునను ఇట్టి రోగులు ఎక్కువ.

ఇచ్చటనే ఏల యెక్కువ? మన స్నానపద్ధతి చూడుడు. 40 మొదలు 50 డిగ్రీల వఱకు వేడిగల నీళ్లను చెంబుతో ముంచి తలపై వెంటవెంటనే గ్రుమ్మరించుకొందుము. నిత్యస్నానము వేఱు, తలస్నానము వేఱు. తలస్నానము వారమునకో పదునైదు దినములకో ఒకసారి వచ్చును గనుక ఆనాడు నీళ్లు మఱింత వేడిగాను, మఱింత ఎక్కువగాను ఉండును. తుర్కీ స్నానశాలలలోను తలపై నీళ్లు గ్రుమ్మరించుటయే ఆచారము. కొందఱి మెదడు పుట్టుకతోనే ఈ వేడికి తాళలేని స్వభావము గలది. అట్టివారి తలకు ఒక్కసారిగా తగిలిన వేడి మెదడులోని విద్యుత్తు క్రమమును చెదరగొట్టును. ఒకే కుటుంబమున ఇద్దఱు ముగ్గురికి వచ్చుటయు కలదు. వేడినీళ్లు పోసికొను లక్షలాది జనులలో ఇది కొద్దిమందికి మాత్రమే వచ్చును గనుక తక్కినవారు భయపడ నవసరము లేదు.

తల తిరిగి పడుటకును దీనికిని భేదము తెలిసికొనవలెను. రక్తపుపోటు తగ్గి పడువానికి ముందుగా కన్నులు చీకట్లు క్రమ్మును, పడుకొనగానే తెలివి వచ్చును, జరిగినది చెప్పగలడు. మూర్ఛ వచ్చినవాడు కన్నులు తెఱచియే యుండును గాని పలుకడు, చేసిన పనినే మరల మరల చేయును, కొందఱు నీళ్లు ఆపకుండ పోసికొనుచునే యుందురు, తెలివి వచ్చిన పిమ్మటను కొంతసేపు తికమకపడును, జరిగినది జ్ఞప్తియుండదు. కొందఱికి ఆ సమయమున ఒక విధమైన సుఖము తోచి, దానికై మరల మరల పోసికొందురు. వారిని కోపించి ప్రయోజనము లేదు. అదియు వ్యాధిలోని భాగమే.

దీనికి చికిత్స కలదు. నీటి వేడి తగ్గించుట మొదటిది. మోచేయి ముంచినపుడు వెచ్చగా మాత్రమే తోచు నీరు చాలును. తలపై గ్రుమ్మరింపక తడిగుడ్డతో తలను తుడుచుట, తల యొకసారి, ఒడలు వేఱొకసారి కడుగుట రెండవది. ఇంతమాత్రముననే పెక్కుమందికి తగ్గును. తగ్గనివారికి తలస్నానమునకు గంటన్నర, రెండు గంటల ముందు మింగదగిన మాత్రయు, కొందఱికి ప్రతిదినము వాడదగిన మందును వైద్యులు వ్రాసియిత్తురు. కొందఱికి కాలక్రమమున స్నానముతో సంబంధము లేకయే మూర్ఛలు రావచ్చును గనుక ఒకసారి నరముల వైద్యునికి తప్పక చూపవలెను. పైన చెప్పిన బాలుని తండ్రి వానిని హైదరాబాదునకు గొనిపోయి చూపించెను. ఇప్పుడా బాలుడు గోరువెచ్చని నీళ్లతో తలస్నానము చేయుచున్నాడు. తాయెత్తు ఇంకను మెడలోనే యున్నది. దాని జోలికి నేను పోలేదు. మాత్ర మఱచిపోకుండిన చాలునంటిని.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులో ఇనుపముక్కయో పెట్టుట, నోటిలో చెంచా క్రుక్కుట, ముఖముపై నీళ్లు చల్లుట మన యూళ్లలో అలవాటు. వీనివలన లాభము లేదు. నోటిలో పెట్టిన వస్తువువలన పండ్లు విఱుగును. నీళ్లనుండి దూరముగా లాగి, ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. అయిదు నిమిషములకు మించి కొట్టుకొన్నను, తెలివి రాకమునుపే మరల వచ్చినను 108కి ఫోను చేయవలెను. ఇట్టి వ్యాధి గలవారు ఒంటరిగా బావిలో, చెఱువులో, కాలువలో స్నానము చేయరాదు.

గదిలోని చెడుగాలి

పూర్వము మన స్నానము బావి గట్టున, పెరటిలో, తడకల చాటున జరుగుచుండెను. గాలికి లోటు లేదు. ఇప్పుడు ఇఱుకైన సిమెంటు గది, బిగుతైన తలుపు, కిటికీ లేని గోడ. పటాన్‌చెరువంటి చోట్ల అద్దె గదులు చూచినవారికి ఇది తెలిసినదే. అట్టి గదిలో గ్యాసు గీజరు పెట్టినను, బొగ్గుల బాయిలరు పెట్టినను, పైన చెప్పిన కుంపటి పెట్టినను గాలి చాలక మంట సరిగా మండదు. అప్పుడు కార్బను మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంట నీరు తెప్పించు గుణమును లేదు. కలుపుమొక్క పైరునకు రావలసిన ఎరువును తానే లాగికొనునట్లు, ఈ వాయువు రక్తములో ప్రాణవాయువు చేరవలసిన చోటును తానే ఆక్రమించును. రక్తమును పట్టుకొనుటలో దీని బలము ప్రాణవాయువు బలమునకు రెండువందల రెట్లకు పైగా నుండును.

తలనొప్పి, వికారము, కాళ్లు తేలిపోవుట దీని గుర్తులు. లోపలివానికి ప్రమాదము తెలియునప్పటికి గడియ తీయుటకు చేతిలో బలముండదు. ఇంటిలో ఒకరు స్నానమునకు పోయి పిలిచినను పలుకనిచో తలుపు విఱుగగొట్టుటకు సందేహింపరాదు. తలుపులన్నియు తెఱచి, గ్యాసు కట్టి, మనిషిని ఆరుబయటికి లాగి, ఆసుపత్రికి చేర్చి ప్రాణవాయువు పెట్టించవలెను. ఇద్దఱికి ఒకేచోట తలనొప్పి వచ్చినచో మొదట అనుమానింపవలసినది ఈ వాయువునే. దీనికి నివారణ సులభము: గ్యాసు గీజరును స్నానపు గది బయట, గాలి యాడు చోట బిగించి నీటిగొట్టమును మాత్రమే లోనికి తీసికొనవలెను, గోడకు పైన ఒకటి, క్రింద ఒకటి గాలిరంధ్రములు ఉంచవలెను.

కొళాయి త్రిప్పినపుడో బకెట్టు ముట్టినపుడో చేయి జివ్వుమన్నచో అది దేహమున పుట్టిన జబ్బు కాదు, నీటిలోనికి దిగిన కరెంటు. వేడినీళ్ల రాడ్డును స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే నీళ్లు ముట్టవలెను. ఇంటికి ఎర్తు తీగ సరిగా నున్నదో లేదో పనివానిచే చూపించుకొనవలెను. ఒకసారి జివ్వుమన్న గదిలో రెండవసారి పరీక్ష చేయరాదు.

మందు కొట్టి వచ్చిన నాడు

ప్రత్తికి మందు కొట్టి వచ్చి స్నానము చేసి, తల తిరిగి వాంతి చేసికొన్నవారు మన సభ్యులలో కలరు. వారు నీళ్లను నిందింతురు. తప్పు నీళ్లది కాదు. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు చర్మముగుండ లోనికి దిగును. వేడినీళ్లు చర్మమునకు రక్తము హెచ్చించును గనుక ఆ దిగుట మఱింత త్వరపడవచ్చును. కావున మందు కొట్టిననాడు బట్టలను ఇంటి బయటనే విడిచి, సబ్బు రాచి, చల్లని లేక సాధారణమైన నీరు ధారాళముగా పాఱునట్లు ముందు కడుగుకొనవలెను. వేడినీళ్ల సుఖము తరువాత. చెమటలు, నోట చొంగ, కంట నీరు, కంటిపాప సన్నగిల్లుట, ఊపిరి బరువగుట కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మందు డబ్బాను, దానిపైనున్న కాగితముతో సహా, వెంట తీసికొనిపోవలెను. విరుగుడు మందు కలదు. వైద్యునికి విషము పేరు తెలిసినచో పని త్వరపడును.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. పొలమునుండి వచ్చి నీళ్లు త్రాగి, పావుగంట నీడన కూర్చుండి, ఆపైన స్నానమునకు పోవుడు.

2. నీళ్లు గోరువెచ్చగా నుండవలెను. పాదములతో మొదలిడి తలతో ముగింపుడు. మెల్లగా లేవుడు.

3. వృద్ధులు, బాలింతలు, మూర్ఛ గలవారు లోపల గడియ వేసికొనరాదు. బయట ఒకరు అప్పుడప్పుడు పలుకరించుచుండవలెను.

4. మంట మండు వస్తువేదియు స్నానపు గదిలో ఉండరాదు.

5. ఛాతీలో నొప్పి, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మాట తడబడుట, నిమిషములు గడచినను తెలివి రాకుండుట కలిగినచో ఇంటి వైద్యము చేయక 108కి ఫోను చేయుడు.

6. స్నానము చేసిన ప్రతిసారియు దద్దురు లేకయే ఒడలెల్ల దురద పెట్టుచున్నచో రక్తపరీక్ష చేయించుకొనుడు.

పైరు వాడినచో మనము వేరు త్రవ్వి చూతుము; పురుగా, తెగులా, నీటి యెద్దడియా యని విచారింతుము. ఆకు వాడినంతనే దయ్యము పట్టినదనము. మన బిడ్డలయెడ అంతపాటి విచారణయైన చేయవలదా? సభ్యులు ఈ సంచికను చదివిన పిమ్మట తమ స్నానపు గదిలో నిలువబడి గాలిరంధ్రము ఎక్కడ నున్నదో ఒకసారి చూడుడు. లేనిచో ఈ వారమే ఒక ఇటుక తీయించుడు. అందులకు అప్పు చేయ నక్కఱలేదు.